గడ్డి ఎత్తు, దాణా ఖర్చు

పాడి ఆవు తిన్న మేతలోని మాంసకృత్తుల్లో పాలలోకి చేరేది మామూలుగా నాలుగో వంతు. మిగతా మూడు వంతుల్లో కొంత అరగకుండా, కొంత ఒంటి అవసరాలకు వాడుకోగా, చివరికి పేడగానో మూత్రంగానో బయటికి పోతుంది. పశువు శరీర ధర్మమే అంత కాబట్టి ఇందులో చాలా భాగాన్ని మనం ఆపలేం. ఒక భాగం మాత్రం మన చేతిలో ఉంది. ఆ నాలుగో వంతు ఐదో వంతుకు పడిపోవడం గాని, నాలుగో వంతును దాటి పైకి పోవడం గాని ఎక్కువగా మేపే పద్ధతిని బట్టే ఉంటుంది. దాణా బస్తా ధర పెరిగినప్పుడల్లా పాడి రైతు ఏ దాణా మంచిది, ఎంత పెట్టాలి అని అడుగుతాడు. అడగవలసిన మాటే. అయితే వేడి దేశాల్లో పచ్చగడ్డి మీద బతికే ఆవు విషయంలో అంతకంటే ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. ఆ ఆవు నోటికి గడ్డి ఏ వయసులో అందుతోంది? ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే. గడ్డిని సరైన ఎత్తులో మేపితే పాలు పెరుగుతాయి, కొని పెట్టే మాంసకృత్తులు తగ్గించుకోవచ్చు. ఆ అదను తప్పితే ఎంత ఖరీదైన దాణా పెట్టినా లోటు పూర్తిగా పూడదు.

దీనికి గట్టి రుజువులు బ్రెజిల్ నుంచి వచ్చాయి. ఎక్కడి బ్రెజిల్, ఎక్కడి మనం అనిపించవచ్చు గాని, పశువుల విషయంలో మనకూ వాళ్లకూ పాత బంధుత్వమే ఉంది. మన ఒంగోలు జాతి అక్కడ నెలోర్ అనే పేరుతో మాంసపు పశువుల్లో ప్రధాన జాతిగా స్థిరపడింది. 1960ల మొదట్లో అక్కడికి చేరిన ఒక ఆబోతు కరవది అన్న పేరుతోనే ఆ జాతి వంశావళిలో నిలిచిపోయింది. కరవది ఒంగోలు దగ్గరి ఊరు. పాడి విషయానికి వస్తే, గుజరాత్ నుంచి వెళ్లిన గిర్ ఆవులను హోల్‌స్టీన్‌తో సంకరం చేసి గిరోలాండో అనే జాతిని తయారు చేసుకున్నారు. అక్కడి పాలలో పెద్ద భాగం ఇలాంటి సంకర ఆవులదే. ఇక గడ్డి మాత్రం ఆఫ్రికాది. మనం నేపియర్ అనే ఏనుగు గడ్డి, గినీ గడ్డి, బ్రాకియారియా, ఇవన్నీ ఆఫ్రికా నుంచి వెళ్లి బ్రెజిల్ బయళ్లను కమ్మేసినవే. ఎండ, వాన, గడ్డి, పశువు రక్తం నాలుగూ మనకు దగ్గరివి కాబట్టే, హాలండ్ లెక్కల కంటే, న్యూజిలాండ్ లెక్కల కంటే సావో పాలో రాష్ట్రపు లెక్కలు మన రైతుకు ఎక్కువ పనికొస్తాయి.

వేడి దేశాల గడ్డికి ఒక స్వభావం ఉంది. చలి దేశాల రై గడ్డితో పోలిస్తే ఇది ఎండను బాగా వాడుకుంటుంది, తక్కువ నత్రజనితో ఎక్కువ పెరుగుతుంది. అందుకే ఎకరానికి దిగుబడి అంత ఎక్కువ. ఆ బలమే ఆవు పొట్ట దగ్గర బలహీనత అవుతుంది. ఈ గడ్డి ఆకుల్లో ఈనెల చుట్టూ ఉండే కణాల గోడలు మందం. నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని ఛేదించి లోపలి సారాన్ని అందుకోవడానికి సమయం పడుతుంది. ఆకే ఇలా ఉంటే కాడ సంగతి చెప్పనక్కర లేదు. ముదిరిన కాడలో లిగ్నిన్ అనే అరగని పదార్థం పట్టేసి, పీచు అరగడం బాగా పడిపోతుంది. పీచు అరగనంత సేపూ పొట్ట ఖాళీ కాదు, పొట్ట ఖాళీ కానిదే ఆవు మళ్లీ మేయదు. పాల దిగుబడికి అసలు పగ్గం ఇక్కడ పడుతుంది. పెద్ద దిగుబడి ఆవు మేత చాలక పాలు తగ్గించడం కంటే, తిన్నది త్వరగా అరగక తగ్గించడమే వేడి దేశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ మేపే వాడి నేర్పంతా ఆకును పెంచి కాడను అదుపులో పెట్టడంలో ఉంది.

ఆకు ఎప్పటిదాకా పెరుగుతుంది, కాడ ఎప్పుడు లేస్తుంది? దీనికి జవాబు వెలుతురులో దొరికింది. 1950ల్లో న్యూజిలాండ్‌లో బ్రౌహమ్ అనే శాస్త్రవేత్త రై గడ్డి, క్లోవర్ కలిసిన పచ్చిక మీద కొలతలు తీసి, పైనుంచి పడే వెలుతురులో 95 శాతాన్ని ఆకులు పట్టేసుకునే సరికి పచ్చిక పెరుగుదల దాదాపు గరిష్ఠ స్థాయికి చేరుతుందని చూపించాడు. దశాబ్దాల తర్వాత బ్రెజిల్‌లోని పిరాసికాబాలో, సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన లూయిజ్ డి కేయిరోజ్ వ్యవసాయ కళాశాలలో, సీలా కార్నెయిరో ద సిల్వా, ఆయన సహచరులు అదే కొలతను వేడి దేశాల గడ్డి మీద పెట్టి చూశారు. మేసిన దుబ్బు మొదట ఆకులనే తొడుగుతుంది. నేల కనిపించకుండా ఆకులు కమ్ముకుని, 95 శాతం వెలుతురు పైనే ఆగిపోయాక లోపల చీకటి పడుతుంది. అక్కడి నుంచి గడ్డి తీరు మారిపోతుంది. వెలుతురు కోసం కాడను సాగదీసి ఆకులను పైకెత్తుతుంది, కింది ఆకులు పండి ఎండిపోతాయి. చూపుకు మడి నిండుగా ఉంటుంది, తూకమూ పెరుగుతుంది. కాని ఆ తర్వాత పెరిగేది ముఖ్యంగా కాడ, ఎండుటాకు.

పొలంలో వెలుతురు కొలిచే పరికరాలు రైతు దగ్గర ఉండవు కదా. అక్కడి పరిశోధకులు చేసిన మేలు ఏమిటంటే, ఈ 95 శాతాన్ని ఎత్తులోకి మార్చి ఇచ్చారు. ఒక్కో గడ్డి రకం దాదాపు ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆ స్థాయికి చేరుతుంది. గినీ గడ్డిలో మొంబాసా రకానికి 90 సెంటీమీటర్లు, టాంజానియా రకానికి 70, నేపియర్‌లో కామెరూన్ రకానికి 100, పొట్టిగా పరుచుకునే బ్రాకియారియా మరాండుకు 25. కాబట్టి రైతుకు కావలసిన పరికరం సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన ఒక కర్ర. మడిలో పది చోట్ల ఆ కర్రను నిలబెట్టి, ఆకులు వంగే చోటు ఎంత ఎత్తులో ఉందో చూడాలి. పొడుగ్గా లేచిన ఒక్క ఆకు కొసను పట్టుకుని కొలవకూడదు, ఆకులన్నీ కలిసి కప్పులా ఏర్పడిన మట్టాన్నే కొలవాలి.

ఆ ఎత్తుకీ పాలకీ సంబంధం ఎంత? పిరాసికాబాలో నేపియర్ కామెరూన్ గడ్డి మీద హోల్‌స్టీన్, జెర్సీ సంకర ఆవులతో చేసిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఒక మందను గడ్డి సుమారు 100 సెంటీమీటర్లు ఉన్నప్పుడు మడిలోకి తోలారు. ఇంకో మందను వెలుతురంతా పట్టేసే దాకా ఆగి, అంటే గడ్డి సుమారు 135 సెంటీమీటర్లకు పెరిగాక తోలారు. తేడా మోకాలి ఎత్తు కంటే తక్కువ. కాని తక్కువ ఎత్తులో మేసిన ఆవులు ఎక్కువ మేత తిన్నాయి, ఎక్కువ పాలిచ్చాయి, హెక్టారుకు ఎక్కువ ఆవులు నిలిచాయి. ఈ మూడూ కలిసి హెక్టారు పాల దిగుబడి 51 శాతం పెరిగింది. నెమరు పొట్ట నుంచి తేన్పుగా వెళ్లిపోయే మీథేన్ వాయువు, లీటరు పాల లెక్కన 21 శాతం తగ్గింది. అంతకు ముందు 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో మొంబాసా గడ్డిని 90 సెంటీమీటర్ల దగ్గర ఒక మందకూ, 140 దగ్గర ఇంకో మందకూ ఇచ్చి చూస్తే ఆవుకు రోజుకు దాదాపు మూడు లీటర్ల తేడా వచ్చింది. విత్తనం మారలేదు, జాతి మారలేదు. మారింది గేటు తెరిచిన రోజు. పాడిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మార్పు ఇంకొకటి నాకు కనిపించదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ఆవు మేసే తీరును దగ్గరగా చూడాలి. ఆవుకు పై దవడ ముందు పళ్లు ఉండవు. నాలుకను బయటికి చాపి, ఒక గుప్పెడు ఆకులను చుట్టి లోపలికి లాక్కుని, కింది పళ్లకీ పై చిగురుకీ మధ్య నొక్కిపెట్టి తలను ఒక్క విసురు విసిరి తెంపుతుంది. రోజుకు ఎనిమిది గంటలు మేసే ఆవు ఇలా వేల సార్లు చేస్తుంది. ఆకులు దట్టంగా ఉన్న మడిలో ప్రతి విసురుకూ నోరు నిండుతుంది. కాడలు లేచిన మడిలో నాలుక కాడల మధ్య ఆకును వెతుక్కోవాలి, తెంపడానికి ఎక్కువ బలం పెట్టాలి, తెంపింది ఎక్కువ సేపు నమలాలి. ఒక్కో కబళంలో తగ్గే గ్రామో అర గ్రామో సాయంత్రానికి కిలోలవుతుంది. ఇంకో సంగతి, ఆవు ప్రతి కబళంలో నిలిచి ఉన్న ఎత్తులో దాదాపు సగం వరకే సులువుగా దిగుతుంది. మొదటి సగం హాయిగా మేస్తుంది, రెండో సగంలో కాడ తగిలి నెమ్మదిస్తుంది. మడిని నేల మట్టం చేసే దాకా ఆవులను అక్కడే ఉంచితే ఆ రోజు పాలు పడతాయి, మిగిలిన ఆకు లేక దుబ్బు మళ్లీ కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. 100 సెంటీమీటర్ల దగ్గర లోపలికి తోలితే 50 దగ్గర బయటికి తోలడం ఆవుకూ గడ్డికీ రెంటికీ మేలు.

ఇక్కడ రైతుల నుంచి రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. మొదటిది, లేత గడ్డిలో నీళ్లే గాని బలమేముంది, నాలుగు రోజులు ఆగితే గడ్డి బరువెక్కుతుంది కదా అని. లేత గడ్డిలో నీరు ఎక్కువన్నది నిజమే. వంద కిలోల లేత నేపియర్‌లో పొడి పదార్థం పదిహేను కిలోల చుట్టూ ఉంటే, ముదిరిన దానిలో ఇరవై దాటవచ్చు. కాని పాలు వచ్చేది పొడి పదార్థం బరువు నుంచి కూడా కాదు, అందులో అరిగే భాగం నుంచి. ఆగిన ఆ రోజుల్లో చేరింది కాడ, అందులో చాలా భాగాన్ని ఆవు మడిలోనే వదిలేస్తుంది. మడిలో మొలిచిన గడ్డిని కాకుండా ఆవు కడుపులో అరిగిన గడ్డిని లెక్కపెడితే ఆగిన వాడికి నష్టమే. ఇందులో ఒక మినహాయింపు ఉంది. తొలకరి తర్వాత మరీ పిలకగా ఉన్న గడ్డి మీదికి తోలితే పశువు పారుకుంటుంది, పీచు చాలక వెన్న శాతం కూడా పడుతుంది. నేను చెబుతున్నది పిలక గడ్డి గురించి కాదు, ఆకు నిండిన గడ్డి గురించి.

రెండో అభ్యంతరం పని గురించి. ఇరవై ఎనిమిది రోజులకో, ముప్పై రోజులకో ఒకసారి మడి మార్చడం అందరికీ తెలిసిన లెక్క. కూలివాడికి చెప్పడమూ సులువు. ఎత్తు చూసి తోలమంటే ఎవరో ఒకరు రోజూ తిరిగి చూడాలి. ఈ మాటలో న్యాయముంది. అయితే గడ్డికి క్యాలెండరు తెలియదు. వానా ఎరువూ అందిన నెలలో అదే మడి మూడు వారాలు తిరక్కుండానే సిద్ధమవుతుంది, చలిగా, పొడిగా ఉన్న నెలలో ఆరేడు వారాలు పట్టవచ్చు. తేదీ పెట్టుకున్న వాడు వానాకాలంలో ముదిరిన కాడ మీదికి, చలికాలంలో కోలుకోని దుబ్బు మీదికి ఆవులను తోలుతాడు. నేపియర్ మీద తేదీ పద్ధతినీ వెలుతురు పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూసిన బ్రెజిల్ అధ్యయనంలో ఆవుకు పాలూ, హెక్టారుకు ఆవులూ రెండూ వెలుతురు పద్ధతిలోనే ఎక్కువ వచ్చాయి. వానాకాలంలో గడ్డి మందను మించి పెరిగితే కొన్ని మడులను చక్రం నుంచి తప్పించి, కోసి సైలేజ్ వేసుకోవడమే దారి. వారానికి రెండు సార్లు మడుల వెంట ఒక చుట్టు నడవడం అదనపు పనే, కాని ఆ పనికి దక్కే కూలి పాల లెక్కలో ఎక్కువే.

ఇప్పుడు మాంసకృత్తుల సంగతికి వద్దాం. నెమరు పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు మేతలోని మాంసకృత్తులను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి, మళ్లీ ఆ అమ్మోనియాతోనే తమ శరీరాలను కట్టుకుంటాయి. ఆ సూక్ష్మజీవులే చివరికి ఆవుకు ముఖ్యమైన మాంసకృత్తులవుతాయి. అయితే ఆ కట్టుబడికి శక్తి కావాలి. పిండి పదార్థాల నుంచో, చక్కెరల నుంచో, అరిగే పీచు నుంచో ఆ శక్తి అదే సమయానికి అందాలి. శక్తి చాలనప్పుడు అమ్మోనియా మిగిలిపోయి రక్తంలోకి చేరుతుంది. అది విషం కాబట్టి కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. కొంత లాలాజలం ద్వారా తిరిగి పొట్టలోకి వచ్చినా, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. ఎరువు అందిన, సరైన ఎత్తులో ఉన్న నేపియర్ ఆకులో మాంసకృత్తులు 15 నుంచి 18 శాతం దాకా ఉంటాయి, అవి త్వరగా కరిగిపోయే రకం. అలాంటి గడ్డి మేసే ఆవుకు కొరత శక్తి విషయంలోనే. మరి మనం దాణాలో ఏం కలుపుతున్నాం? మళ్లీ మాంసకృత్తులే.

2013లో పిరాసికాబా వాళ్లే ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. మాంసకృత్తులు 18 శాతం పైన ఉన్న నేపియర్ మడుల్లో ఆవులను మేపుతూ, మూడు రకాల దాణాలు ఇచ్చారు. మొదటి దానిలో మాంసకృత్తులు 8.7 శాతం, అంటే దాదాపు ఉత్త మొక్కజొన్న పిండి. రెండో దానిలో 13.4, మూడో దానిలో సోయా చెక్క కలిపి 18.1 శాతం. పాల దిగుబడిలో తేడా రాలేదు. తేడా వచ్చింది రక్తంలోని యూరియాలో, పాలలోని యూరియాలో. సోయా చెక్క పాలలోకి రాకుండా మూత్రంలోకి పోయింది. ఇది ఎంత నష్టమో ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు 14 కిలోల పొడి పదార్థం తిని, 3.3 శాతం మాంసకృత్తులున్న పాలు 15 కిలోలు ఇచ్చే ఆవు, పాలలో పెట్టే మాంసకృత్తులు సుమారు 495 గ్రాములు. మొత్తం మేతలో మాంసకృత్తులు 18 శాతం ఉంటే ఆవు తిన్నది 2,520 గ్రాములు, పాలకు చేరింది అందులో ఐదో వంతు కూడా లేదు. అదే పాలు 15 శాతం మేతతో వస్తే తిన్నది 2,100 గ్రాములు, అప్పుడు నాలుగో వంతుకు దగ్గరవుతుంది. వృథా అయిన 420 గ్రాములను నత్రజనిగా మార్చి, ఆ నత్రజనిని యూరియాగా మారిస్తే ఆవుకు రోజుకు దాదాపు 150 గ్రాముల యూరియా. పది ఆవులున్న కొట్టంలో 300 రోజులకు 450 కిలోలు, మన 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే పది బస్తాలు. రైతు చెక్క ధర పెట్టి కొని యూరియాగా నేల మీద పారబోసినట్టే అది.

పాలలో యూరియా అనగానే మన దగ్గర కల్తీ గుర్తొస్తుంది. బయటి నుంచి కలిపిన యూరియా నేరం, దాన్ని పట్టుకోవలసిందే. అయితే ప్రతి ఆవు పాలలోనూ సహజంగా కొంత యూరియా ఉంటుంది. రక్తంలో ఎంత ఉందో పాలలో దాదాపు అంతే తేలుతుంది. ఈ సంగతిని చాలా దేశాల డెయిరీలు మేపుడు సరిగ్గా ఉందో లేదో చెప్పే పరీక్షగా వాడుకుంటున్నాయి. మంద పాలలో యూరియా పెరిగితే మాంసకృత్తులు ఎక్కువైనట్టో, శక్తి తగ్గినట్టో. బాగా పడిపోతే మాంసకృత్తులు చాలనట్టు. మన పాల కేంద్రాల్లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) చీటీ మీద ఎలా వస్తాయో, సహజ యూరియా అంకె కూడా అలాగే రైతు చేతికి వస్తే దాణా ఖర్చు మీద అతనికి మొదటిసారి ఒక కొలత దొరుకుతుంది. డెయిరీలు ఈ పని చేపట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

దీనికి పాడి రైతు చెప్పే జవాబు నాకు తెలుసు. పత్తి చెక్క పెడితే పాలు పెరగడం కళ్లారా చూశాం కదా, మానేస్తే పడిపోవడం కూడా చూశాం కదా అంటాడు. ఆ అనుభవం అబద్ధం కాదు. కాని అది ఏ మేత మీద వచ్చిన అనుభవమో చూడాలి. మన పశువుల ప్రధాన మేత తరతరాలుగా వరిగడ్డి, జొన్న చొప్ప, కరువు నెలల్లో బీడు మీది ఎండు గడ్డి. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. మేతలో మాంసకృత్తులు ఏడు శాతం కంటే దిగితే నెమరు పొట్టలోని సూక్ష్మజీవులకే నత్రజని చాలదు, పీచును అరిగించే పని కుంటుపడుతుంది, పశువు మేత తినడమే తగ్గిస్తుంది. అలాంటి చోట కిలో చెక్క వేస్తే పాలు పెరగడమే కాదు, ఆ గడ్డిని తినడం కూడా పెరుగుతుంది. వరిగడ్డి పక్కన పత్తి చెక్క పెట్టడం మన పెద్దల వివేకం. అదే అలవాటును మంచి నేపియర్ పక్కకు, అంతే మోతాదులో, మోసుకొచ్చినప్పుడు అది వృథా అయింది. గడ్డి మారితే దాణా మారాలి. ఆకు నిండిన గడ్డి ఉన్న నెలల్లో మొక్కజొన్న, జొన్న పిండి, నూనె తీయని తవుడు లాంటి శక్తినిచ్చేవి ఎక్కువగా, చెక్క తక్కువగా ఉండాలి. ఎండు గడ్డి నెలల్లో చెక్క మళ్లీ పెరగాలి. ముప్పై లీటర్ల ఆవుకు ఈ లెక్క వేరు. సూక్ష్మజీవులు కట్టిన మాంసకృత్తులు దానికి చాలవు, దానికి చెక్క అవసరమే. పది, పన్నెండు, పదిహేను లీటర్ల సంకర ఆవుల గురించే నేను మాట్లాడుతున్నాను, మన కొట్టాల్లో ఎక్కువగా ఉన్నవి అవే కదా. పిండి పెంచేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒకేసారి ఎక్కువ పోస్తే నెమరు పొట్ట పులిసిపోతుంది. రోజువారీ మోతాదును రెండు మూడు పూటలకు పంచి, వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి.

గడ్డిలోని శక్తిని ఖర్చు లేకుండా పెంచుకునే ఉపాయం కూడా ఒకటుంది. ఆకు పగలంతా ఎండలో చక్కెరలు కూడబెట్టుకుని రాత్రి ఖర్చు పెట్టుకుంటుంది. అందుకే తెల్లవారుజాము గడ్డి కంటే సాయంత్రం గడ్డిలో చక్కెర ఎక్కువ. కొత్త మడి గేటును ఉదయం పాలు తీశాక కాకుండా, సాయంత్రం పాలు తీశాక తెరిస్తే ఆవు మొదటి సగం మేపును ఆ తియ్యటి ఆకు మీద చేస్తుంది. ఎండ దేశాల్లో ఆవు మధ్యాహ్నం నీడన నిలబడి, చల్లబడ్డాక మేయడానికే ఇష్టపడుతుంది కాబట్టి ఇది దాని స్వభావానికీ సరిపోతుంది.

పోషకాల పొదుపు ఆవు ఒంటి దగ్గరే ఆగిపోదు. మూత్రం పడిన చిన్న మడుగులో నత్రజని, హెక్టారు లెక్కన చూస్తే, వందల కిలోలకు సమానం. ఆ చోట ఉన్న గడ్డి అంత తాగలేదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా నీటితో పాటు కిందికి దిగుతుంది. ఆవులను పెద్ద బయల్లో విడిచిపెడితే అవి నీడ కిందా, నీళ్ల తొట్టి దగ్గరా, గేటు దగ్గరా గుమిగూడతాయి, బయలంతా మేసి తెచ్చిన సారాన్ని ఆ నాలుగు చోట్లే దించుతాయి. పొటాష్ ఎక్కువగా మూత్రంలో, భాస్వరం ఎక్కువగా పేడలో పోతుంది కాబట్టి మూడు పోషకాలూ అక్కడే పోగుపడి మిగతా బయలు బక్కచిక్కుతుంది. చిన్న మడులుగా చేసి, కరెంటు తీగ కంచెతో రోజుకో మడి తిప్పితే పేడ, మూత్రం దాదాపు సమంగా పడతాయి. కాని ఈ బ్రెజిల్ పద్ధతిలో నన్ను కలవరపెట్టే విషయం కూడా ఒకటి ఉంది. ఆ పచ్చదనం వెనుక హెక్టారుకు వందల కిలోల నత్రజని ఎరువు ఉంది. ఆవు దగ్గర పొదుపు చేసింది ఎరువు సంచిలో కరిగిపోతే లాభమేమిటి? సూటిగా చెప్పాలంటే, మాంసకృత్తులు 18 శాతం ఉన్న గడ్డి పదిహేను లీటర్ల ఆవు అవసరం కంటే ఎక్కువే. ఎరువు కొంత తగ్గించి, ఆకులో మాంసకృత్తులు కాస్త తగ్గనిచ్చినా ఆ ఆవుకు నష్టం లేదు. ఎత్తు నియమం తప్పకపోతే ఆకు ఆకుగానే ఉంటుంది. గడ్డితో పాటు పప్పుజాతి మేత పెంచడం ఇంకా మంచి దారి. బ్రెజిల్‌లో పాకే అడవి వేరుశనగ జాతిని బ్రాకియారియాతో కలిపి మేపుతున్నారు. మన మెట్ట భూముల్లో స్టైలో పరిచితమైన మేతే.

మీథేన్ గురించి పర్యావరణం వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్ని పక్కన పెట్టలేం. 2018 అధ్యయనంలో లీటరుకు మీథేన్ తగ్గినా, ఎక్కువ ఆవులు నిలిచాయి కాబట్టి హెక్టారుకు 29 శాతం పెరిగింది. అయితే గాలికి తెలిసేది మొత్తమే కదా? అవును. అదే పాలను తక్కువ భూమిలో, తక్కువ ఆవులతో తీసి, మిగిలిన భూమిని అడవికో పంటకో వదిలినప్పుడే ఆ 21 శాతం నిజమైన తగ్గింపు అవుతుంది. అది గడ్డి మడిలో తేలే విషయం కాదు, ప్రభుత్వ విధానంలో తేలవలసింది. అమెజాన్‌ను నరికి పచ్చిక చేసిన దేశంలో ఈ షరతు చాలా పెద్దది.

చివరగా మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రెండు మూడు ఆవులున్న రైతు ఎక్కువగా మేపడు, కోసి వేస్తాడు. అర ఎకరంలో సంకర నేపియర్ వేసి, గడ్డి తలెత్తు దాటాక నరికి, ఛాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి తొట్టిలో వేస్తాడు. మిషన్ ముక్క చేస్తుంది గాని అరిగించదు. సాయంత్రం తొట్టి అడుగున చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆకు ముక్కలన్నీ పోయి, వేలి మందం కాడ ముక్కలు, లోపల తెల్లటి బెండుతో, తడిగా మిగిలి ఉంటాయి. మరీ సన్నగా కొడితే ఆవు ఏరుకోలేక కాడను కూడా తింటుంది. అప్పుడు తొట్టి ఖాళీ అవుతుంది, పొట్ట మాత్రం త్వరగా ఖాళీ కాదు. మేపుకు పెట్టిన 100 సెంటీమీటర్ల నియమాన్ని కోతకు యథాతథంగా తేలేం. అంత తరచుగా కోస్తే కూలీ పెరుగుతుంది, నేల మట్టానికి కోసే దుబ్బు వేళ్లలో దాచుకున్న సత్తువ కూడా అయిపోతుంది. మన రకాలకు సిఫారసు చేసే నలభై అయిదు రోజుల కోత ఒక మధ్యే మార్గం. వానాకాలంలో ఎరువు వేసిన మడి అంతకంటే ముందే కాడ తేలుతుంది కాబట్టి, రోజుల కంటే దుబ్బు మొదట్లో కాడ గట్టిపడిందా, కింది ఆకు పండుతోందా అని చూసి కోయడం మంచిది. అర ఎకరాన్నీ ఒకేసారి కోయకుండా ఏడెనిమిది ముక్కలుగా చేసుకుని వరసగా కోసుకుంటే ఎప్పుడూ ఏదో ఒక ముక్క అదను మీద ఉంటుంది. సంకర నేపియర్ లేత ఆకుల్లో ఆక్సలేట్లు ఉండి, మేతలోని కాల్షియాన్ని కట్టిపడేస్తాయి కాబట్టి ఆ గడ్డి ఒక్కటే వేయకుండా కాస్త వరిగడ్డో చొప్పో కలిపి, ఖనిజ లవణ మిశ్రమం తప్పకుండా ఇవ్వాలి. ఎరువు వేసిన వెంటనే వర్షాభావంతో వడలిపోయిన గడ్డిలో నైట్రేటు పేరుకునే ప్రమాదం ఉంటుంది, దాన్ని తడి అందుకుని తిరిగి పెరిగాకే కోయాలి. ఈ జాగ్రత్తలతో ఆకు నిండిన గడ్డి తొట్టిలో పడుతున్న వారం నుంచి, పది పన్నెండు లీటర్ల ఆవుకు రోజూ వేసే చెక్కలో అర కిలో తగ్గించి అంతే బరువు మొక్కజొన్న పిండి కలిపి, రెండు వారాలు పాల కేంద్రం చీటీలు దాచి చూడండి. దిగుబడి నిలిస్తే ఇంకో అర కిలో తగ్గించవచ్చు, పడితే వెనక్కి వేయవచ్చు.